మా పాత లారీకి రెండో గేరు పెట్టె

ఏలూరు,
కాలవ ఒడ్డు నుంచి

ప్రభువునందు ప్రియమైన అక్కయ్యకు, నీ తమ్ముడు అబ్రహాము రెండు చేతులూ జోడించి చేసే వందనాలు. నువ్వూ బావగారూ ఎలా ఉన్నారు? ఈ ముసురుకి నీ నడుము నొప్పి ఎక్కువైందేమోనని నాకు బెంగగా ఉంది. ఇక్కడ నేనూ, మా దావీదూ, కోడలు రాహేలూ దేవుని దయవల్ల బాగున్నాం. ఎంత బాగున్నామో రాయటానికి నాకొచ్చిన అక్షరాలు చాలవు అక్కా. దావీదు రంగూను ఓడ ఎక్కుతున్నాడా లేదా అని అడిగించావు. ఆ జవాబు ముందే రాస్తే, ఉపదేశిగారు ఉత్తరం చదువుతుండగానే నువ్వు లేచి లంకంతా చెప్పటానికి పోతావు. అందుకని వరసగా రాస్తున్నాను. కూర్చుని విను.

లంక వదిలి వానలకు ముందు వచ్చానా, ఈ ఊరు నాకింకా పూర్తిగా అలవాటు కాలేదు. తెల్లారితే బళ్ల చప్పుడు, రైలు కూత. దోనెకి నీళ్లు తగిలే చప్పుడు లేక మొదట్లో నిద్ర పట్టేది కాదు. ఇక్కడ చేప కొనుక్కుని తినాలి. అదీ నిన్నటి చేప. మా లారీలో వచ్చేదంతా చేపల షావుకారుగారిది, మనం ముట్టుకోకూడదు. దావీదు పొద్దున్నే వెళ్లిపోతే, రాహేలు ఇంటిపనిలో పడితే, నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. అయినా వేళకి తింటున్నాను, దిగులు పడకు.

లారీ సంగతి నీకు తెలిసిందే. ఎవరో తోలి తోలి వదిలేసిన పాత చిన్న లారీ. పెదపాడు అవతల రేవులో చేపల గంపలు ఎక్కించుకుని, కాలవగట్టు ఎక్కి, ఏలూరు స్టేషనులో కలకత్తా రైలుకి అందించాలి. మంచి రోడ్డు మీద బాగానే పోతుంది. వాన పడిందంటే ఆ గట్టు దగ్గర మొరాయించేది. ఒకటో గేరులో కూడా సగం ఎక్కి ఇంజను ఆగిపోయేది. గంపలు దింపి, నెట్టి, మళ్లీ ఎక్కించేసరికి రైలు పోయేది, చేప చెడేది. చివరికి షావుకారుగారు పిలిచి, "ఏమయ్యా దావీదూ, ఇంకొక్క రైలు తప్పిందంటే నా గంపలు వేరే లారీకి ఇచ్చేస్తాను. తర్వాత నన్ను అనుకోకు" అన్నారు. ఆ రోజే వాడు రేకుపెట్టె దించి బట్టలు సర్దాడు. ఈ లారీ అమ్మేసి రంగూనులో బియ్యం మిల్లు పనికి పోతానన్నాడు. నేను లేచి బయటికి వచ్చి కాలవ ఒడ్డున కూర్చున్నాను. వాళ్లమ్మ పోయాక వాడికి నేనూ నాకు వాడూ అని నీకు తెలుసు కదా.

అప్పుడు తాడేపల్లిగూడెం నుంచి వీర్రాజు మేస్త్రీ వచ్చారు. దావీదుకి మోటారు పని నేర్పింది ఆయనే. పాడైపోయిన పెద్ద లారీలోంచి తీసిన గేరు పెట్టె ఒకటి తెచ్చారు. మన లారీలో అసలున్న పెట్టె అలాగే ఉంటుంది, దాని వెనకాల ఇది ఇంకోటి. వెనక చక్రాలకు పోయే పొడుగాటి ఇనప కడ్డీని కోసి పొట్టి చేసి, మిగిలిన చోట దీన్ని కూర్చోబెట్టారు. వేలాడకుండా కింద అడ్డంగా ఇనప పట్టీ బిగించారు. కాళ్ల దగ్గర చెక్కకి కన్నం పెట్టి, రెండో గేరు కర్రని పైకి తెచ్చారు. నట్లన్నీ కిరసనాయిల్లో కడిగి ఇచ్చింది నేనే!

"ఇది పెడితే ఇంజనుకి బలం వస్తుందాండీ?" అని అడిగాను.

"కొత్త బలం ఎక్కణ్ణుంచి వస్తుందండీ అబ్రహాము గారూ? ఇంజను పరిగెడుతుంది, చక్రం నడుస్తుంది. నడిస్తే బరువు లాగుతుంది" అన్నారు.

నాకు ఇట్టే అర్థమైంది. బురదలో గెడ వేసినట్టన్నమాట. తొందరపడితే గెడ దిగబడుతుంది, నిదానంగా ఒత్తితే దోనె కదులుతుంది. మేస్త్రీ దావీదుతో, "గట్టు మధ్యలో కర్ర మార్చకురోయ్. కర్ర ఖాళీలో పడిందంటే బండి వెనక్కి జారిపోద్ది. కిందే గేరు వేసుకో, పైదాకా అదే" అని గట్టిగా చెప్పి వెళ్లారు.

మర్నాడు మళ్లీ ముసురే. రేవులో గంపలన్నీ ఎక్కించారు. కూలీలు మన లంకవాళ్లే, వెనకాల ఎక్కారు. నేనూ ఎక్కాను. గట్టు కింద దావీదు రెండు కర్రలూ వేశాడు. ఇంజను ఒకటే అరుపు. చక్రాలు మాత్రం తిరుగుతున్నాయో లేదో తెలియనంత నిదానం. దోనె బురదలో ఆగితే మనవాళ్లు ఏం చేస్తారో నీకు చెప్పాలా? ఒకడు "దిగబడిందిరోయ్!" అన్నాడు. అంతే, అందరూ దబదబా దూకి వెనకాల భుజాలు పెట్టారు. అక్కా, లారీ వాళ్ల భుజాలు వదిలించుకుని తన దారిన తాను నడిచిపోయింది! వాళ్లంతా బురదలో బోర్లా పడ్డారు. "ఒరేయ్, ఆపరా! మమ్మల్ని వదిలేసి పోతావేంట్రా!" అని వెనకాల పరుగు. నా మోకాళ్లు దూకనివ్వవు కదా, నేనొక్కణ్ణే గంపల మధ్య పెళ్లికొడుకులా ఊరేగుతూ గట్టెక్కాను.

పైన ఆపి దావీదు దిగి చూశాడు. వాడి మొహంలో నవ్వు లేదు.

"అంతమంది దిగిపోయారు నాన్నా. ఆ బరువు తగ్గి ఎక్కిందేమో."

నేను గంపల మీంచి వంగి, "ఎక్కిందిగా, చాల్లేరా" అన్నాను.

"ఇవాళ చాలు. రేపో?" అని, రైలుకి ఇంకా వేళ ఉందని, లారీని మళ్లీ కిందికి దింపాడు. "ఈసారి ఒక్కడు కూడా దిగకూడదు" అన్నాడు.

"మేం దిగం బావా, కాళ్లే దూకేస్తాయి" అన్నాడు బురద తుడుచుకుంటూ ఒకడు.

"అయితే వీళ్లందరి ఒళ్లోనూ తలా ఓ గంప పెట్టు నాన్నా" అన్నాడు దావీదు. పెట్టాను.

రెండోసారి అందరూ గంపలు గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. ఇంజను చప్పుడే వింటూ కూర్చున్నాను. పక్కనున్న గంప నా మీదికి ఒరిగి ఒరిగి, ఉన్నట్టుండి తిన్నగా నిలబడింది. కళ్లు తెరిస్తే గట్టు మీద ఉన్నాం.

స్టేషనులో షావుకారుగారు గంప మూత తీసి, "ఏంటయ్యా ఇది, చేప ఇంకా ఎగురుతోంది!" అన్నారు. ఆ తర్వాత వానలు ఎన్ని పడినా రైలు తప్పలేదు. వేరే లారీ మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. ఆ రోజు ఇంటికొచ్చాక దావీదు రేకుపెట్టె తెరిచి, సర్దిన బట్టలు తీసి ఒక్కొక్కటీ దండెం మీద వేశాడు. నేను అరుగు మీద కూర్చుని అన్నీ వేసేదాకా చూశాను.

లేవకు, ఇంకాస్త ఉంది. లారీ సీటు చిరిగి తీగలు పొడుస్తున్నాయి. నీ చేత్తో చిన్న తుంగచాప అల్లి పంపితే వాడు వేసుకుంటాడు. బావగారికీ, చదివి పెడుతున్న ఉపదేశిగారికీ మా ముగ్గురి వందనాలు. పెద్దదానివి, నీ ప్రార్థనలో మమ్మల్నీ, వీర్రాజు మేస్త్రీనీ, పాపం ఆ లారీనీ తలుచుకో. నీ దీవెన కోరుతూ,

నీ తమ్ముడు
అబ్రహాము

మరిచాను అక్కా. ఓడ మీద తినటానికని దావీదుకి నువ్వు ఎండబెట్టి పంపిన ఉప్పుచేప మూట ఇక్కడే ఉండిపోయింది. "ఇదేం చెయ్యనండీ మావయ్యగారూ?" అని రాహేలు అడిగింది. "వండమ్మా" అన్నాను. ముగ్గురం ఒక్కచోట కూర్చుని తిన్నాం.