మూడో స్తంభం దగ్గర నీళ్ళు

పొట్టోడా,

అంత పెద్ద రైలింజను నడిపేవాణ్ణి ఇంకా ఇలా పిలుస్తావేమిటని కస్సుమనకు. నువ్వు రిటైరైనా నాకు పొట్టోడివే.

మా హాల్లో నది పారుతోంది. నవ్వకు. మీ బావ ఆటరైలు పిచ్చి నీకు తెలిసిందేగా. పట్టాలు, స్టేషను అయిపోయాయి, ఇప్పుడు వంతెన కట్టి దాని కింద నది పోస్తున్నారు. నువ్వు రైలు నడిపే వంతెనే, ఆయన తనిఖీ చేసే వంతెనే. ఆ నీళ్ళు చేసే తతంగం చూడాలి! ముందు నది అడుగుకు రంగు వేస్తారు. ఒడ్డున ఇసుక రంగు, లోతు పెరిగేకొద్దీ ముదురాకుపచ్చ, బాగా లోతైతే దాదాపు నలుపు. దాని మీద రెండు సీసాల్లోని జిగుర్లు కలిపి పల్చగా పోస్తారు. అది ఆరితే గాజులా గట్టిపడుతుంది. ఒక్కో పొరకు ఒక్కో రోజు. దుమ్ము పడుతుందని నన్ను ఊడ్వనివ్వరు, ఫ్యాను వేసుకోనివ్వరు, తుమ్మినా నేరమే. చివర్లో బ్రష్షుతో చిక్కటి జిగురు అద్ది అలలు లేపుతారు, దూది పోగులు పీకి నురగ పెడతారు. ముట్టుకుంటే చెయ్యి తడుస్తుందేమో అనిపించింది.

అంత బాగా వచ్చిన నదిని మూడో స్తంభం చుట్టూ ఉలి పెట్టి పగలగొట్టారు. మళ్ళీ రంగు వేశారు, ఈసారి ముదురుగా. పోసి, ఆరాక చూసి, మళ్ళీ పగలగొట్టారు. ఇలా మూడుసార్లు. ఇప్పుడక్కడ నూతిలోకి తొంగిచూసినట్టుంది. "బాగానే ఉందిగా, ఎందుకండీ?" అంటే "నీకు తెలీదులే" అన్నారు. ఆటరైలును మాత్రం ఆ వంతెన ఎక్కనివ్వడం లేదు. నిన్న భోజనం మధ్యలో "మీ తమ్ముడికి డ్యూటీ ఏయే రోజులు?" అని అడిగారు. చెప్పాను. సగంలో చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఇక్కడ వాన వదలడం లేదు. నా మనసెందుకో కీడు శంకిస్తోంది.

మీ అక్క

*

తమ్ముడూ,

వానలు తగ్గేదాకా సెలవు పెట్టు. ఆ వంతెన మీదికి వెళ్ళకు. నాకు చెడ్డ కల వచ్చిందనుకో, అక్కకు మతి పోయిందనుకో, ఏమైనా అనుకో. కారణం అడగకు. మీ బావకు ఉత్తరం రాయకు. నా మీద ఒట్టు.

అక్క

*

నా బంగారు తమ్ముడికి,

నీ జవాబు అందింది. "నీ కల దెబ్బకు సెలవు పెట్టానే అక్కా. నా బదులు పెద్దాయన బండి తీసుకెళ్తున్నాడు" అని రాశావు. పెద్దాయన! నీకు ఇంజను నేర్పిన మనిషి. మా ఇంట్లో భోంచేసి, "అమ్మాయ్, నీ తమ్ముడు భద్రం, నాదీ పూచీ" అన్న మనిషి.

కల అబద్ధం. నీకా రెండో ఉత్తరం రాసిన పొద్దున నేను మీ బావను నిలదీశాను. "పైన అలలు ఈ నెల నేను తీసిన ఫోటో చూసి చేశానే. అడుగు రంగు నా తనిఖీ పుస్తకంలో లోతులు చూసి వేశాను. రెండూ కలవట్లేదు. పుస్తకంలో ఉన్నంత తక్కువ లోతులో నీళ్ళు అలా సుడి తిరగవు. స్తంభం కింద మన్ను కొట్టుకుపోయినట్టుంది" అన్నారు. "మరి పుస్తకంలో తప్పెలా వచ్చింది?" అన్నాను. అప్పుడు చెప్పారు. ఈసారి ఆయన కొలవలేదట. పడవవాడు రాలేదు, ఆయనకు నడుం నొప్పి, నిరుటి అంకెలే ఎక్కించి సంతకం పెట్టేశారు. ఇప్పుడు బయటపడితే ఉద్యోగం ఊడుతుంది, జైలు కూడా కావచ్చు, వానలు తగ్గాక తానే కొలుస్తానని నా చేతులు పట్టుకున్నారు. నేను సరేనన్నాను. నా తమ్ముడొక్కడు గట్టున పడితే చాలనుకున్నాను. ఆ బండిలో వెళ్ళే వందలమంది నాకు గుర్తే రాలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ ఉత్తరం చదవగానే ఆ పుస్తకం, ఫోటో తీసుకుని స్టేషనుకు పరుగెత్తాను. మాస్టరు ముందు నమ్మలేదు. "ఏమ్మా, మీ ఆయనతో ఏమైనా గొడవా?" అన్నాడు. నిరుటి పేజీ, ఈ ఏటి పేజీ పక్కపక్కన పెట్టి చూపించాను. ఒక్క అంకె తేడా లేదు. అప్పుడు ఫోను ఎత్తాడు. పెద్దాయన బండిని వంతెనకు ఇవతలి స్టేషన్లోనే ఆపేశారు.

పైవాళ్ళు మీ బావను పిలిపించారు. అన్నీ ఒప్పుకుని ఇంటికొచ్చారు. "ఒక్క మాట నాతో చెప్పి వెళ్ళాల్సింది కదే" అన్నారు. "చెబితే వెళ్ళనిచ్చేవారా?" అన్నాను. అప్పట్నుంచి ఒకే ఇంట్లో ఎవరి కంచం వాళ్ళు వడ్డించుకుని తింటున్నాం.

రేపు వాన తెరిపిస్తే ఈతగాళ్ళు అడుగు చూడ్డానికి మూడో స్తంభం దగ్గర దిగుతారట. అడుగు గట్టిగానే ఉంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నేను మాత్రం లేనిపోని భయానికి కట్టుకున్నవాణ్ణి బజారుకీడ్చినదాన్నవుతాను. అందుకే పొద్దుట్నుంచి దేవుణ్ణి ఒకటే అడుగుతున్నాను తమ్ముడూ, అక్కడ గొయ్యి ఉండాలని. నువ్వు ఇన్నాళ్ళూ రైలు నడిపిన చోట, నీ కిందే, ఆ గొయ్యి ఉండి తీరాలని.

ఇది చదివాక కూడా అలా పిలవాలనిపిస్తే,
మీ అక్క