వెనక్కి తిరిగి కూర్చునేవాళ్ళు

అమ్మకి,

నీ చిన్నది నమస్కారం చేసి రాస్తున్న సంగతులు. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ నువ్వూ నాన్నా బాగున్నారని, నీ మెడనొప్పి కాస్త తగ్గిందని తలుస్తున్నాను. ఈసారి ‘అందరం క్షేమం’ అన్నది అలవాటుకొద్దీ రాసిన ముక్క కాదు. అది నిజమయ్యేదాకా కలం పట్టకూడదని కూర్చున్నాను, అందుకే ఇంత ఆలస్యం. నీకు కోపం వచ్చిందని నీ అక్షరాలు చూస్తేనే తెలిసింది. కాగితం చిరిగేలా నొక్కి రాశావు. ఫోను చేసి చెప్పొచ్చు కదా అంటావేమో. ఫోనులో నీకు సగం వినపడదు, తక్కిన సగం నువ్వే మాట్లాడతావు.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. తింటున్నాను. కాకపోతే నా పనికి బరువు పెరగకూడదు కాబట్టి ‘కడుపు నిండా తిను’ అన్న నీ ఆజ్ఞని సగమే పాటిస్తున్నాను. చుట్టూ ఎనిమిది మంది పళ్ళేలు ఖాళీ చేసి మళ్ళీ వరసలో నిలబడుతుంటే నేను మాత్రం పిచ్చుకలా కొరుక్కుంటూ కూర్చోవడం ఎంత శిక్షో నీకు తెలియదు. నువ్వు కుట్టి పంపిన చలికోటు భుజాల దగ్గర చక్కగా కుదిరింది, చేతులు మాత్రం గోళ్ళు దాటి వేలాడుతున్నాయి. నేనింకా పొడుగు పెరుగుతానని నీకెక్కడో ఆశ ఉన్నట్టుంది.

అక్క ఎందుకు ఉత్తరం రాయలేదని అడిగావు. దానికి జవాబు కాస్త పెద్దది, చివర్లో రాస్తాను.

‘ఎనిమిది మంది చెమటోడ్చి తెడ్లు వేస్తుంటే నువ్వు ఊరికే కూర్చుని అరుస్తావా, దానికి మెడల్ కూడా ఇస్తారా’ అని అడిగావు. ఈ ప్రశ్న మా హాస్టల్లో చదివి వినిపిస్తే అందరూ పడీపడీ నవ్వారు. ఇస్తారమ్మా. మా పడవలో తెడ్లు వేసేవాళ్ళు వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. ముందేముందో వాళ్ళకి కనిపించదు. పడవ చివర్న, వాళ్ళకి ఎదురుగా, ముందుకు చూస్తూ నేనొక్కదాన్నే ఉంటాను. నాన్న బస్సుకి స్టీరింగు ఉన్నట్టు నా చేతుల్లో చుక్కాని తాళ్ళు రెండుంటాయి. నోటి దగ్గర మైకు ఉంటుంది. ఎప్పుడు వేగం పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో, ఎటు తిరుగుతున్నామో నేనే చెప్పాలి. నాన్న బస్సులో అయితే ప్రయాణికులు ఆయన మీద విసుక్కుంటారు. నా ప్రయాణికులు విసుక్కునే ఓపిక కూడా లేనంతగా అలిసిపోయి ఉంటారు.

ఈ పని నాకు ఇచ్చింది మా కోచ్. ఆమెని అందరం పెద్ద మేడమ్ అంటాం. మొదటి ఏడాది అక్క తువ్వాలు మోస్తూ నేను ఒడ్డున నిలబడితే ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

“గొంతుందా నీకు?”

“ఉందండి.”

“అదిగో, అవతలి ఒడ్డున సైకిలు తుడుచుకుంటున్నాడే, ఆయన్ని పిలువు.”

పిలిచాను. ఆయనతో పాటు దారిన పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు. “రేపు పొద్దున్నే రా” అని ఆమె వెళ్ళిపోయింది. చిన్నప్పటినుంచీ మెల్లగా మాట్లాడమని నువ్వు, బడిలో టీచర్లు, పక్కింటివాళ్ళు చెప్పని రోజు లేదు. ఈ గొంతుకీ ఒక ఉపయోగం ఉందని కనిపెట్టిన మనిషి ఆమె ఒక్కతే. ఆ రుణం నేను తీర్చుకోలేను.

మా పడవల షెడ్డులో ఒక గోడంతా ఫొటోలు. ఈ యూనివర్సిటీకి పేరు తెచ్చిన ఆటగాళ్ళు, వాళ్ళని తయారుచేసిన కోచ్‌లు. మూలన ఉన్న పాత ఫొటోలో పెద్ద మేడమ్ కూడా ఉంది. అప్పుడు సన్నగా, రెండు జడలతో, తెడ్డు పట్టుకుని కెమెరాని కూడా కోపంగా చూస్తోంది. ప్రతి జట్టులోనూ చివర్న ఒక పొట్టి మనిషి నిలబడి ఉంటుంది, మిగతావాళ్ళ భుజాల దాకా కూడా రాదు. అది నా చోటు. గెలిచిన జట్టునే ఆ గోడకెక్కిస్తారు. ఈ ఏడాది ఎక్కుతామని మా అందరికీ గట్టి నమ్మకం.

ఇక నీ నాలుగో ప్రశ్న. మన పక్క కొట్టు ఆవిడ పేపర్లో చూసి నీకు చెప్పిందన్నావు కదా, గెలిచే పందెంలో నేను అరిచి పడవ ఆపేశానని. ‘ఒక పిల్లకి ఒంట్లో బాగోక ఆపాల్సి వచ్చింది’ అని పోయిన ఉత్తరంలో ఒక్క ముక్క గీకి పడేశాను. అసలేం జరిగిందో, అందరూ నన్ను తిడుతున్నారేమోనని నువ్వు బెంగపడ్డావు. జరిగింది రాస్తాను.

ఫైనల్ పందెం. సగం దూరం దాటేసరికి ముందుకొచ్చాం. అప్పటినుంచీ ముందే ఉన్నాం. గట్టున జనం అరుపులు దగ్గరవుతున్నాయి. నాకు ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గర్లో కూర్చునే పిల్ల మా జట్టుకి తాళం. ఆమె తెడ్డు ఎలా పడితే వెనకవాళ్ళవి అలా పడతాయి. పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆమె వెనకున్నవాళ్ళ మొహాలు నాకు సరిగ్గా కనిపించవు, ఆమె మొహం నాకు తప్ప ఎవరికీ కనిపించదు. చివరి దూరంలో ఆ మొహం ఎలా ఉంటుందో తెలుసా? పళ్ళు బిగించి, కళ్ళెర్రజేసి, నన్ను నమిలి మింగేసేలా చూస్తుంది. అది నాకు అలవాటే. అలా చూస్తున్నంతసేపు అంతా సవ్యంగా ఉన్నట్టే.

ఆ రోజు ఆ పిల్ల నా కళ్ళలోకి చూసి నవ్వింది.

నేను “ఆపండి” అన్నాను. అంతే. ఇంకో మాట అనలేదు, అనడానికి ఏమైందో నాకూ తెలియదు.

ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు. వాళ్ళు వెనక్కి తిరిగి కూర్చున్నారు. మేం ముందున్నాం కాబట్టి మిగతా పడవలన్నీ వాళ్ళ కళ్ళకి ఎదురుగానే ఉన్నాయి. గెలుస్తున్నామని వాళ్ళకి తెలుసు. అందరికన్నా వెనక కూర్చునే పిల్లకి, అంటే మేం నిచ్చెన అని పిలిచే అమ్మాయికి, అది చదువు ముగిసే ఏడాది. ఆమెకింక పందెం లేదు. అలాంటివాళ్ళు ఒకే ఒక్క మాటకి, ఎందుకని అడక్కుండా, ఒక్క తెడ్డు కూడా ఆలస్యం కాకుండా ఆపేశారు. ఎదురుగా ఉన్న పిల్ల కూడా ఆపింది. “ఏమైందే?” అని అడుగుతూనే నా ఒళ్ళోకి ఒరిగిపోయింది. ఆ వేగంలో వెళ్తుండగా స్పృహ తప్పితే, వదిలేసిన తెడ్డు పిడి వచ్చి ఛాతీకి కొడుతుంది, మనిషిని ఎత్తి నీళ్ళలోకి విసిరేస్తుంది. ఆగి ఉన్నాం కాబట్టి నా చేతుల్లో పడింది. వెనక వచ్చే రిఫరీ మోటారు పడవ వెంటనే అందుకుంది. మిగతా పడవలు మా పక్కనుంచి ఒక్కొక్కటిగా వెళ్ళిపోయాయి.

తిట్లు పడతాయనే నేనూ అనుకున్నాను. ఆస్పత్రి వరండాలో నిచ్చెన పక్కన కూర్చుని, “క్షమించు, నీ చివరి పందెం పాడుచేశాను” అన్నాను. ఆమె నా తల మీద ఒక మొట్టికాయ వేసింది.

“నువ్వు కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ, ఇన్నాళ్ళూ అడగలేదు. ఆ ఒక్కదానికి ఎందుకడుగుతాం? పద, టీ తాగుదాం.”

తక్కినవాళ్ళూ అంతే. ఏడుపొచ్చినవాళ్ళు ఏడ్చారు, ఓడిపోయామని బాధపడ్డారు, దాచుకోలేదు. కానీ నా మీద ఒక్కరూ మాట తూలలేదు. ఇలాంటివాళ్ళ మధ్య నన్ను పడేసిన అదృష్టానికి ఎలా దండం పెట్టాలో తెలియడం లేదమ్మా. పెద్ద మేడమ్ అయితే ఓదార్చలేదు, మెచ్చుకోనూ లేదు. ఫొటో గోడకెక్కదని ముందే చెప్పేసింది. వెళ్ళేముందు మాత్రం ఆగింది.

“ఆపే ముందు ఎంతసేపు ఆలోచించావు?”

“ఆలోచించలేదు మేడమ్.”

“వచ్చే ఏడాది కూడా ఆలోచించకు” అని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. అంటే నా చోటు నాకు ఉన్నట్టే.

ఇంతదాకా రాసి కాసేపు లేచి తిరిగొచ్చాను. నీ ఉత్తరం కింద, సంతకం పెట్టాక కూడా, ఒక వాక్యం ఇరికించి రాశావు. ‘ఆ పడిపోయిన పిల్ల ఎవరోగానీ, కన్నతల్లి ఎంత అల్లాడిపోయి ఉంటుందో. ఆవిడ కనిపిస్తే గుండె దిటవు చేసుకోమని, బిడ్డకేం కాదని నా మాటగా చెప్పు’ అన్నావు. అది చదివినప్పటినుంచీ నాకు అన్నం సయించలేదు.

అమ్మా, గుండె దిటవు చేసుకో. బిడ్డకేం కాదు.

నా ఎదురుగా కూర్చునేది అక్క. ఇది చదువుతూ కుట్టు మిషను ముందునుంచి లేవకు, కళ్ళు తిరుగుతాయి. మొత్తం చదువు. గుండె కొట్టుకునే లయ తప్పిందన్నారు. పుట్టుకతో ఉన్న చిన్న లోపమట, ఇన్నాళ్ళూ బయటపడలేదు. కాలి దగ్గరనుంచి సన్నటి తీగ పంపి సరిచేశారు. కోతలు లేవు, కుట్లు లేవు. డాక్టరు నిన్న ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు. నడుస్తోంది, మెట్లెక్కుతోంది, నా మంచం ఆక్రమించింది. పందేలు మాత్రం ఇక వద్దన్నారు. కొన్నాళ్ళుగా ఆయాసంగా ఉంటే జట్టులోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదట, నాక్కూడా. నీకు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది. డాక్టరు సరేనన్న రోజు వరకే ఆ ఒట్టు అని నేను బేరం పెట్టాను.

ఆ నవ్వు ఎలాంటిదో నీకు వేరే చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు గోడ మీంచి పడి మణికట్టు విరిగితే, నువ్వు కంగారు పడతావని అన్నం తినేదాకా అలాగే నవ్వుతూ కూర్చుంది కదా. ఎడమ చేత్తో కలుపుకుంటుంటే చూసి నువ్వు కనిపెట్టావు. అదే నవ్వు. ఇంకెవరైనా అక్కడ కూర్చుని ఉంటే, గెలుస్తున్న సంతోషం అనుకునేవారు.

మెలకువ వచ్చాక అది నన్ను అన్న మొదటి మాట, “ఎందుకాపావే, గెలిచేవాళ్ళం కదా.” తర్వాత నాతో మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్తే కళ్ళు మూసుకునేది. అది పడిపోయినప్పటికన్నా ఇదే నాకు కష్టంగా అనిపించింది. చివరికి నిచ్చెన వచ్చి మంచం మీద కూర్చుని, “నువ్వు కోపం తెచ్చుకునే మాటైతే మా ఏడుగురి మీద కూడా తెచ్చుకోవాలి, ఆపింది మేం కూడా” అంది. అప్పుడు ఏడ్చింది. చాలాసేపు ఏడ్చి, ఆకలేస్తోందంది.

నాన్నకి నువ్వే చెప్పు. బస్సు డ్యూటీ లేని రోజు చూసి చెప్పు. పరీక్షలవగానే ఇద్దరం వస్తున్నాం. ఆయన స్టేషన్‌కి వచ్చి నిలబడితే చాలు, సామాను నేను మోస్తాను.

ఇప్పుడు అక్క వెనకనుంచి వంగి, నా గురించి ఏం రాశావో చూపించమని కాగితం లాగుతోంది. చూపించనన్నాను. నెత్తిన ఒకటి ఇచ్చింది. అది ఉత్తరం రాయకపోయినా ఏమీ అనుకోకమ్మా. దాని మొహం చూసి రాస్తున్నాను, నవ్వడం లేదు. మూతి ముడుచుకుని, కళ్ళెర్రజేసి, నన్ను నమిలి మింగేసేలా చూస్తోంది.

ఇట్లు,
అక్క చేతి దెబ్బలు తింటూ సుఖంగా ఉన్న
నీ చిన్నకూతురు