ఇంచు బయటికి జరిగిన చక్రం

ఆదివారం రాత్రి, జనగామ

అన్న కారుకు కొత్త చక్రాలు బిగించాడు. వెడల్పు పాతవాటంతే, ఆఫ్‌సెట్ మాత్రం 45 మిల్లీమీటర్లకు బదులు 20. ఆ సంఖ్య తగ్గినకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. ఇక్కడ ఇంచు జరిగింది. రేపు భూపాలపల్లి నుంచి నిండు నెలల అక్కను తీసుకురావాలి.

"బరువు పడితే టైరు రాసుకుంటదేమో అన్నా," అన్నాను మెల్లగా.

"కాన్వెంట్ల గిది గూడ చెప్పిన్రా?" అని నవ్వాడు.

"నిమ్మకాయలు తొక్కించినం గద, ఇంక భయమేంది?" అంది అమ్మ.

అయినా బరువు పడితే ఎలా ఉంటుందో చూద్దామని ఇంట్లో అందరినీ ఎక్కించాను; అన్న నడిపాడు. మలుపు దగ్గరి గతుకులో వెనక టైరు దాని పైనున్న బాడీ రేకుకు గర్రుమని రాసుకుంది. అన్న బండి ఆపి, దిగి వంగి చూశాడు.

సాయంత్రానికి పాత చక్రాలే వచ్చాయి. "రేపు ముందుసీట్ల కూసో చెల్లె. ఏమన్న అనిపిస్తే జర గట్టిగ చెప్పు," అన్నాడు అన్న.

గట్టిగా చెప్పడమే నాకు రాదు. రేపు చెప్పాలి...