తుప్పు పట్టని బల్ల

అన్నయ్యకు,

రెండేళ్లుగా మాటల్లేని తమ్ముడు ఉత్తరం రాశాడేమిటా అనుకోకు. ఒక సంగతి తెలుసుకోకపోతే నాకు పనిమీద చేతులాడటం లేదు.

నీ మరదలికి ఆపరేషనై నెలరోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఈలోగా గాలివానకి మన వడ్రంగి షాపు పైరేకు లేచిపోయి లోపల నీళ్లు నిలిచాయి. వచ్చి తలుపు తీసేసరికి రంపం మిషను, డ్రిల్లింగ్ మిషను ఎర్రగా తుప్పుపట్టి ఉన్నాయి. పంపకాల్లో నాదంటే నాదని కొట్లాడుకున్నామే, నాన్న కొన్న చిత్రిక మిషను, దానిమీద మాత్రం ఎవరో టార్పాలిన్ కప్పారు. తీసి చూస్తే దాని ఇనుప బల్ల తళతళలాడుతోంది. మోటారు విప్పి అటకమీద పెట్టి ఉంది.

తుప్పు పట్టకుండా నేనెప్పుడూ నూనె రాస్తాను. దానికి రంపంపొట్టు అంటుకుని జిగటవుతుంది. ఈ బల్లమీద వేలు పెడితే జారిపోతోంది. గోటితో గీకితే మైనం వచ్చింది. టార్పాలిన్ బల్లకి తగలకుండా మధ్యలో చెక్కముక్కలెందుకు పెట్టారో అని రెండురోజులు ఆలోచించాను. గాలాడకపోతే ఇనుముకి చెమట పడుతుందనా?

పక్కషాపు టైలరుని అడిగాను. "మీ అన్నయ్యే. రేకు లేచిన రోజే తడుస్తూ వచ్చి, పాత తాళంచెవితో తీశాడు. మిగతావి తుడిచేలోపే నీళ్లు మోకాళ్లదాకా వచ్చేశాయి. నీకు చెప్పొద్దన్నాడు," అన్నాడు.

ఆ రెండు మిషన్లూ విప్పి తుప్పు గీకుతున్నాను. మైనం కరిగించి పూయాలో, చల్లగానే రుద్దాలో నాకు తెలియదు. జవాబు రాయకు. వచ్చి చూపించు.

నీ తమ్ముడు