గీతలన్నీ చేరిన చుక్క

మంగళవారం, ఆదిత్యపూర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చాక

లెక్కల్ని బొమ్మలుగా చూపించే ఆర్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికని మా ఫ్యాక్టరీ కాంట్రాక్టు పనివాళ్లందరినీ, కష్టమొస్తే ఎవరి దగ్గరికి వెళతారని అడిగాను. మనిషికో చుక్క, వాళ్లు వెళ్లే మనిషి వైపు గీత. ఈరోజు బొమ్మ సరిగ్గా వచ్చింది. సగానికి పైగా గీతలు వెల్డర్ అప్పలనాయుడు బాబాయి దగ్గరికే చేరాయి. సంబరంగా మేనేజర్‌కు చూపించాను.

ఆయన ఆ చుక్క మీద వేలు పెట్టి, "యూనియన్ మాట ఇక్కడ పుడుతోందన్నమాట. ఇస్‌కో హటాకే దిఖావో," అన్నాడు. తీసేసి చూపించాను. గీతలు తెగి బొమ్మ ముక్కలైపోయింది. ఆయన నవ్వి, దాన్ని ఫోన్లో ఫోటో తీసుకుని, శభాష్ అని నా భుజం తట్టాడు. ఇంటికొచ్చి ఒళ్లంతా రుద్దుకున్నా ఆ చెయ్యి అక్కడే ఉన్నట్టుంది. అంతకన్నా, తీసేయమనగానే తీసేసిన నా వేళ్లను చూస్తే అసహ్యం.

గేటు దగ్గర బాబాయే పలకరించాడు.

"ఏటమ్మా, నీ బొమ్మ అయిపోనాదా? పిల్ల సదువుకోడానికి అడుగుతంది, నిజమే సెప్పండ్రా అని అందరికీ నానే సెప్పినాను."

"అయింది బాబాయ్," అన్నాను.

ఇంటికొచ్చి ఫైలు చెరిపేశాను. ఏం లాభం? ఫోటో మేనేజర్ ఫోన్లోనే ఉంది. మేనేజర్ కన్ను తన మీద పడిందని రేపు షిఫ్టు మొదలయ్యేలోగా బాబాయికి చెప్పాలి. ఏ ముఖం పెట్టుకుని...