ఆయన కార్డు నేను రాశాను

గుంటూరు,
18-11-1999

నా సరస్వతక్కకి,

క్షేమసమాచారాలు వరసగా రాసే ఓపిక లేదు, అందరం బాగానే ఉన్నామనుకో. ఫోను హాల్లో ఉంది. మీ మరిది పేపరు చదువుతున్నట్టే ఉంటారు గానీ చెవులు మాత్రం నా మాటల మీదే ఉంటాయి. అందుకే కాగితం పట్టుకున్నాను. నవ్వనని మాటిస్తేనే చెప్తా. డిసెంబరు అయిదో తారీకు ఆదివారం నేను గోల్ఫ్ పోటీలో ఆడుతున్నాను.

నవ్వావు కదూ! నవ్వు. నలభై నాలుగేళ్ల దాన్ని, చీర మీద కాన్వాసు బూట్లేసుకుని కర్ర పట్టుకుంటే నాకే నవ్వొచ్చింది మొదట్లో. కానీ ఇది నవ్వులాటగా మొదలైంది కాదక్కా.

ఉగాదికి కంపెనీ వాళ్లని భోజనానికి పిలిచామని రాశానే, అప్పుడు ఒక సంగతి రాయలేదు. డాక్టరు శశిభూషణ్ గారు మర్యాదకి, "మేడమ్ గారు కూడా గ్రౌండుకి వస్తుంటారా?" అని అడిగారు. ఈయన వెంటనే, "మా ఆవిడకా? గరిటె తప్ప ఇంకేదీ తిప్పడం చేతకాదండీ" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వుతూనే పప్పుచారు వడ్డించాను. ఇరవై రెండేళ్లలో ఇలాంటివి ఎన్ని మింగలేదు! ఇది మాత్రం దిగలేదు.

ఆ వారం ఆయన పొగాకు వేలాలకని మీ కనిగిరి వైపు వచ్చారు. నేను తెల్లవారగానే గ్రౌండుకి వెళ్లాను. కాలనీ వెనక తొమ్మిది గుంతల గ్రౌండు అది. గడ్డి బతకదు కాబట్టి గుంతల చుట్టూ నూనె కలిపిన ఇసుక పోస్తారు. మిగతాదంతా నల్లరేగడి. వేసవిలో బీటల్లో బంతి పడిందంటే పాతాళానికి పోయినట్టే. గ్రౌండు చూసుకునే మరియదాసుని అడిగితే, "నేర్పుతా గానీ అమ్మగారూ, ముందు బంతి మీద కోపం తీసేయండి" అన్నాడు. నెల రోజులు గాలినే కొట్టాను. తర్వాత తగలడం మొదలైంది. ఆ తగిలినప్పటి చప్పుడు నీకు ఎలా చెప్పను! నా ఒంట్లో అంత బలం ఉందని నాకే తెలియదు. ఈయనకి తెలిసింది కూడా. "ఆడుకో, ఒళ్లు తగ్గుతుంది" అన్నారు.

తక్కువ దెబ్బల్లో గుంతలన్నీ పూర్తిచేసినవాళ్లే గెలిచినట్టు. ఒక్కొక్కరికి హాండికాప్ అని ఒకటి ఇస్తారు, కొత్తవాళ్లకి ఎక్కువ. మిర్చి యార్డులో బస్తాకి తరుగు తీస్తారు చూడు, అలా మనం కొట్టిన దెబ్బల్లోంచి కొన్ని తీసేస్తారు. నాకు ముప్ఫై ఆరు. అంతకంటే ఎక్కువ ఇవ్వరట! ఈయనకి పద్నాలుగే. పోటీకి పేరిచ్చానని ఆయనకింకా చెప్పలేదు. ఆయనే క్లబ్బు కెప్టెను, సోమవారం జాబితా ఆయన చేతికే వెళ్తుంది.

నీ చెల్లెలు
పార్వతి

గుంటూరు,
4-12-1999, శనివారం

అక్కా,

నీ జాబు అందింది. "భయమేస్తే మానెయ్, మొండితనంతో మాత్రం ఆడకు" అన్నావు. భయమూ ఉంది, మొండితనమూ ఉంది, ఏం చెయ్యను?

జాబితా ఆయన చేతికి వెళ్లింది. మూడో రోజు, "తీసేయించనా?" అన్నారు. వద్దండీ అన్నాను. "ఆఖరున వస్తావు, నవ్వుతారు." నవ్వనివ్వండి అన్నాను. అక్కడితో అయిపోతే బాగుండేది. నిన్న సాయంత్రం క్లబ్బులో చీటీలు తీసి పద్నాలుగు మందినీ జంటలు చేశారు. నా చీటీ ఎవరితో వచ్చిందనుకున్నావు? ఆయనతోనే!

ఈ ఆటలో అంపైరు ఉండడక్కా. జంటలో ఒకరి కార్డు ఇంకొకరు రాయాలి. ఆయన ఎన్ని దెబ్బలు కొట్టారో నేను రాసి సంతకం పెట్టాలి, నావి ఆయన రాయాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర, "నువ్వేం లెక్కపెట్టనక్కర్లేదు. ప్రతి గుంత దగ్గరా అంకె నేను చెప్తాను, వేసుకో" అన్నారు. ఊఁ అన్నాను. అలవాటు కదా!

కానీ పొద్దున మరియదాసు అన్న మాట నన్ను తినేస్తోంది. బంతులు తుడుస్తూ, నా మొహం చూడకుండా, "అయ్యగారి బంతి ఎప్పుడూ పత్తిచేలోకి పోదండి. పోయినా పోదండి" అన్నాడు. మూడో గుంత పక్కనే పత్తిచేను. కాయలు పగిలి తెల్లగా ఉందిప్పుడు, అందులో తెల్లబంతి పడితే దేవుడికే తెలియాలి. బంతి పోతే రెండు దెబ్బలు కలుపుకోవాలని మా నియమం. ఇంకేమీ అడగొద్దన్నట్టు మరియదాసు బక్కెట్టు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన రెండుసార్లు కప్పు గెలిచారు. రేపు ఇవ్వడానికి హైదరాబాదు నుంచి జనరల్ మేనేజరుగారు వస్తున్నారు. మరియదాసు మాట నిజమైతే రేపు నా చెయ్యి ఏం రాస్తుంది? ఆయన చెప్పింది రాస్తే ఆ ఉగాది నాడు నవ్వినవాళ్లందరికంటే నన్ను చూసి నేనే పెద్ద నవ్వు నవ్వుకున్నదాన్ని అవుతాను. రాయకపోతే ఇల్లు ఇల్లుగా ఉండదు. నువ్వు దగ్గరుంటే బాగుండును.

పార్వతి

గుంటూరు,
10-12-1999

అక్కా,

అయిపోయింది. ఏం దాచకుండా రాస్తాను.

ఆదివారం పొద్దున పూజ చేసుకుని, కొత్తపనికి వెళ్తున్నాం కదా అని ఇద్దరి సంచులకీ పసుపు కుంకుమ పెట్టాను. చేతిలో తడికుంకుమ మిగిలింది. వృథా ఎందుకని సంచుల్లో ఉన్న ప్రతి బంతికీ బొట్టు పెట్టాను, నావీ ఆయనవీ. ఆయన చూసి, "దసరా అనుకుంటున్నావా, లారీ టైర్ల కింద పెట్టినట్టు నిమ్మకాయలు కూడా పెట్టు" అన్నారు. నవ్వుకున్నాం కూడా. ఒట్టు అక్కా, ఆ బొట్లు పెట్టినప్పుడు నా మనసులో ఏ పన్నాగమూ లేదు.

మూడో గుంత దగ్గర ఆయన బంతి గాల్లో వంకర తిరిగి పత్తిచేలోకే పోయింది. నేను చూశాను. ఆయన కూడా చూశారు. ఇద్దరం వెతకడానికి వెళ్లాం. నిమిషం తిరక్కుండానే, "ఇదిగో, గట్టుకి తగిలి బయటికొచ్చింది!" అని కేకేశారు. వెళ్లి చూస్తే చదునైన నేల మీద బంతి ముద్దుగా కూర్చుని ఉంది. బొట్టు లేదు.

"బొట్టు ఏమైందండీ?" అన్నాను.

"మట్టికి తుడుచుకుపోయి ఉంటుంది. జరుగు, వెనకవాళ్లు వస్తున్నారు."

అప్పుడే సాళ్ల మధ్య వంగి పత్తి తీస్తున్న కూలీ కరీమున్ లేచి నిలబడింది. ఒడిలోంచి బంతి తీసి చూపిస్తూ, "అమ్మా, ఇది మీదేనా? పత్తనుకుని ఒళ్లో ఏసుకున్నా. బొట్టుందిమ్మా దీనికి!" అంది. పాపం, ఎంత సంబరంగా అందో. ఆయన గబగబా వెళ్లి, "ఎప్పుడో పోయింది లేవే" అని దాన్ని లాక్కుని జేబులో వేసుకున్నారు. ఆ గుంత అయ్యాక నా వైపు చూడకుండా, "అయిదు" అన్నారు.

ఏడు అని రాశాను. పెన్సిలు ముక్క విరిగేంత గట్టిగా రాశాను.

ఆ తర్వాత ఆట ఏమాడానో నాకు తెలియదు. అయినా బంతి తిన్నగానే పోయిందంటే నమ్ముతావా? నాలుగో గుంత దగ్గర మాత్రం మట్టిగడ్డల్లో ఇరుక్కుని తొమ్మిది దెబ్బలు పట్టింది.

ఆట అయ్యాక, టేబుల్ దగ్గర ఎవరి కార్డు వాళ్లకి ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నా కార్డు చూసుకున్నాను. నాలుగో గుంత ఎదురుగా ఆరు అని ఉంది! నేనేదో అనబోయేంతలో ఆయన నా చెవి దగ్గర, "ఊరుకో. మొదటిది నాకు, రెండోది నీకు. కప్పులు రెండూ మనింటికే" అన్నారు. ఆయన కళ్లల్లో వెటకారం లేదక్కా. ఇరవై రెండేళ్లలో ఆయన నాకు ఇవ్వాలనుకున్న మొదటి బహుమతి అది. ఏడుపొచ్చింది. తీసుకోవాలనిపించింది కూడా, నిజం చెప్తున్నాను.

"సెక్రటరీ గారూ, నా నాలుగో గుంత తప్పు పడిందండీ. ఆరు కాదు, తొమ్మిది కొట్టాను" అన్నాను, అందరికీ వినపడేట్టు. జనరల్ మేనేజరుగారు తలెత్తి చూశారు. అప్పుడే ఈయన చేతిలోని తన కార్డులో ఏడు చూసుకున్నారు. మొహం కందగడ్డ అయింది. కలం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డారో! "మూర్తిగారూ, మీది సరిగ్గానే ఉందా?" అని సెక్రటరీగారు ఈయన్ని అడిగారు. సంతకం పెట్టారు.

కప్పు డాక్టరుగారికి వెళ్లింది. ఈయనది మూడో స్థానం, నాది ఎనిమిది. నా వెనక ఆరుగురున్నారు తెలుసా!

కార్లో ఒక్కటే మాట: "నలుగురిలో పరువు తీశావు." నేను, "తీయాలనుకుంటే కరీమున్ని పిలిచేదాన్నండీ" అన్నాను. తర్వాత నాలుగు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే. ఈసారి నేను బతిమాలలేదు.

ఇవాళ కాఫీ ఇచ్చి తిరిగి వస్తుంటే, కప్పులోకి చూస్తూ అన్నారు: "ఆదివారం ఎవరూ ఉండరు. ఇద్దరం ఆడదామా? నా కార్డు నువ్వే రాయి. నేను అంకెలు చెప్పను."

ఈ ఇంట్లో నేనెప్పుడూ అనని మాట ఒకటి అన్నానక్కా.

"ఆలోచించుకుని చెప్తానండీ" అన్నాను. ఆయన తలూపి, సరే, చెప్పు అన్నారు.

నీ
పార్వతి