ఇరవై రెండు బై పద్నాలుగు

మార్చి 2, ఆదివారం
పెరడు కొలిచాను. ఇరవై రెండు అడుగుల పొడవు, పద్నాలుగు వెడల్పు. ఆఫీసులో రోజూ ఫ్యాక్టరీ పైపులకి డ్రాయింగులు గీస్తాను. సొంత పెరడు కొలవడం ఇదే మొదటిసారి.

మా ఆవిడ పిల్లల్ని తీసుకుని వాళ్లన్నయ్య ఇంటికి వెళ్లి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ పెరడు పిల్లలు తిరిగే చోటులా అయ్యేదాకా తీసుకురానంది. నెలాఖరుకి వచ్చి చూస్తుందట. నచ్చకపోతే పెద్దదాన్ని అక్కడే స్కూల్లో వేసేస్తుందట. ఫారం కూడా తెచ్చిపెట్టుకుంది.

పెద్దదానికి ఆరేళ్లు. చిన్నోడికి ఇంకా మూడు నిండలేదు.

మార్చి 3
జరిగింది రాస్తాను. పెరట్లో నీళ్ల సంప్ కడుగుదామని మూత తీశాను. నీళ్లు చాలావరకు తోడేశాను. లోపల ఫోన్ మోగితే వెళ్లాను. రెండు నిమిషాలు. ఈలోపు చిన్నోడు అందులో పడ్డాడు. నీళ్లు వాడి గడ్డం దాకా ఉన్నాయి. పైపు పట్టుకుని నిలబడ్డాడు. మా ఆవిడ బజారు నుంచి వచ్చి, సంచీ అక్కడే పడేసి, దూకి తీసింది. రెండు రోజులు ఆసుపత్రి. బతికాడు. ఇప్పుడు చెంబు చూస్తే చాలు, ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తున్నాడట.

రెండు నిమిషాలని అందరికీ చెప్పాను. ఇక్కడా అదే రాశాను.

మార్చి 6
మేస్త్రీ వచ్చాడు. సంప్‌కి ఇనప మూత, రెండు తాళాలు, పైన సిమెంటు పలక వెయ్యమన్నాను. ఆ పలక లేపాలంటే నలుగురు కావాలి, రేపు సంప్ కడగాలంటే ఎలా సార్ అన్నాడు. కడగను అన్నాను. ఎగాదిగా చూశాడు.

చేతులు కాలాక ఆకులు. తెలుసు. ఆకులైనా పట్టుకోనీ.

మార్చి 9, ఆదివారం
బట్టలుతికే బండ తీయించేశాను. అంచులు పదును. నిమ్మచెట్టు కొట్టించేశాను. ముళ్లు. మెట్లు రెండే, అయినా వాలు చేయించాను.

ఇసుక గుంట మొదట అడుగు లోతు గీశాను. తర్వాత అర అడుగు. తర్వాత బెత్తెడు. ఇవాళ డ్రాయింగులోంచే తీసేశాను, కళ్లలో పడుతుంది. ఉయ్యాల తాడు మెడకి చుట్టుకుంటుంది. జారుడుబల్ల మీంచి పడతారు. అన్నీ పోయి రబ్బరు మ్యాట్ ఒక్కటే మిగిలింది, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా. కాగితం చూసి మేస్త్రీ, ఇందులో పిల్లలు ఏం ఆడతారు సార్, పడుకుంటారా అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు.

మార్చి 11
డ్రాయింగులో ఒక వాల్వు మర్చిపోయాను. మేనేజరు సెలవు పెట్టమన్నాడు. పెట్టాను.

మార్చి 14
ఫోన్లో చిన్నోడు మాట్లాడడు. ఊపిరి మాత్రం వినిపిస్తుంది.

మార్చి 17, సాయంత్రం 6
ఫోన్ పెద్దది ఎత్తింది. అమ్మ పక్కన ఉందా అని నేనే గొంతు తగ్గించి అడిగాను. ఛీ. లేదంది. తర్వాత అదే గుసగుసగా, నాన్నా, నేను ఎవరికీ చెప్పలేదు అంది.

ఇంక దాచి ఏం లాభం.

రెండు నిమిషాలు కాదు. కాల్ లిస్టులో పదకొండు. ఆఫీసు పనీ కాదు. పాత ఫ్రెండు ఎవరినో వెక్కిరిస్తూ చెప్తున్నాడు, నేను పగలబడి నవ్వుతున్నాను. పెద్దది వచ్చి చొక్కా లాగింది. నాన్నా అంది. ఒక్క నిమిషం అని వేలు చూపించాను. మళ్లీ లాగింది. మళ్లీ వేలు. వెళ్లిపోయింది. వెళ్లి సంప్ అంచున బోర్లా పడుకుని, వాళ్లమ్మ వచ్చేదాకా తమ్ముడితో మాట్లాడుతూ ఉందట.

ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ దాన్ని నిలదీసింది, నాన్నని పిలవాలని తెలీదుటే అని. అది నా వైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. పిలవలేదమ్మా అంది.

ఆరేళ్లది.

మార్చి 23
మ్యాట్ పరిచేశారు. పక్కింటి పిల్లిక్కూడా దారి లేకుండా చుట్టూ ఎత్తుగా రేకులు కొట్టించాను. ఎండకి ఇల్లంతా టైరు వాసన.

మార్చి 29, శనివారం
తను వచ్చింది. ఒక్కతే. చెప్పులు విప్పి పెరడంతా తిరిగింది. సంప్ మీది పలక లాగి చూసింది. ఏ వంకా పెట్టలేదు. నా గుండె కాస్త కుదుటపడింది కూడా.

అప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి, నువ్వెక్కడ కూర్చుంటావు అని అడిగింది.

వంటింటి కిటికీకి అడ్డంగా నా రేకు. గుమ్మంలో నీడ లేదు. కుర్చీ వేసే జాగా లేదు. లోపలికెళ్లి డ్రాయింగులు తెచ్చాను. పదకొండు షీట్లు. అన్నీ తిరగేశాను, తను చూస్తూనే ఉంది. ఒక్కదాంట్లోనూ నేను లేను.

ఎవరూ కనిపెట్టుకుని ఉండక్కర్లేకుండా కట్టావు కదూ అంది.

చెప్పేశాను. పెద్దది పిలిచింది, రెండుసార్లు. నేను నవ్వుతున్నాను. పదకొండు నిమిషాలు. అది నాకోసం అబద్ధం ఆడింది.

తను అరుస్తుందనుకున్నాను. అరవలేదు. వాలు మీద కూలబడింది. ఆ రోజంతా దాన్ని తిట్టాను తెలుసా అంది. అంతే. బస్సుకి ఇంకా రెండు గంటలుంది. అయినా బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

మార్చి 30
అయిపోయింది.

ఏప్రిల్ 2
ఊరికే ఉండలేకపోయాను. సగం మ్యాట్ పీకించాను. రేకులు తీయించాను. అడుగు లోతు తవ్వించి ఇసుక పోయించాను, రెండుసార్లు జల్లించి. గోడకి ఆనించి ఒక బల్ల. ఎక్కడ కూర్చుంటే నాలుగు మూలలూ కనిపిస్తాయో తేలేదాకా మేస్త్రీ నన్ను కూర్చోబెట్టి, లేపి, జరిపి, మళ్లీ కూర్చోబెట్టాడు. పిల్లలెప్పుడొస్తారు సార్ అన్నాడు. తెలీదన్నాను. ఈసారి నవ్వలేదు.

ఏప్రిల్ 8
తను ఫోన్ చేసింది. పెద్దదాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని అడిగిందట. నాన్నని కొట్టొద్దమ్మా అని ఏడ్చిందట. స్కూలు ఫారం ఇచ్చేశానంది. అక్కడే చేరుతుంది. ఆదివారాలు తీసుకొస్తాను, చీకటి పడకముందే తీసుకెళ్లిపోతాను అంది. ఎన్నాళ్లు అని అడగబోయి నోరు మూసుకున్నాను. సరే అన్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం, ఉదయం 11
వచ్చారు. పెద్దదాని ముందు గొంతుకూర్చున్నాను. నువ్వు పిలిచావు, నాకు వినిపించింది, తప్పు నాది, అమ్మకి చెప్పేశాను అన్నాను. నా మొహంలోకి చూసింది. తర్వాత, ఆ ఇసుక నాదా, తమ్ముడిదా అని అడిగింది. ఇద్దరిదీ అన్నాను. అయితే గీత గియ్యాలి అంది.

చిన్నోడు వాళ్లమ్మ చంక దిగలేదు.

సాయంత్రం 4.20
బల్ల మీద ఉన్నాను. ఫోన్ లోపల. పెద్దది ఇసుకలో. చిన్నోడు గడప మీద నిలబడి ఒక కాలు కింద పెట్టాడు. తీశాడు. మళ్లీ పెడుతున్నాడు.

రాయాలంటే తల దించాలి.